ఫిజిక్స్ టీచర్ కావాలంటే ఏ దారి? తిరుపతి, చిత్తూరు పిల్లల కోసం ఒక పోలిక

మన రాష్ట్ర ప్రభుత్వ హైస్కూళ్లలో ఫిజిక్స్ టీచర్ అనే పోస్టు లేదు. ఉన్నది స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఒకరే చెప్పాలి. పిల్లలకి మనం "పీఎస్ మేడం", "పీఎస్ సార్". ఈ ఒక్క సంగతి సరిగ్గా తెలియక, డిగ్రీలో కెమిస్ట్రీ వదిలేసి, బీఈడీ కూడా పూర్తయ్యాక ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ అప్లికేషన్ దగ్గర ఆగిపోయినవాళ్లని చూశాను. అందుకే కాలేజీల పోలిక కన్నా ముందు దీన్ని చెబుతున్నాను.

నేను చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఎస్ టీచర్‌ని. పోయిన నెల మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి మా ఇంటికొచ్చింది. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినా ఇంజినీరింగ్ వద్దంటోంది. "టీచరే అవుతానంటాది మేడం. అదీ ఫిజిక్సే చెప్పాలంట. యాడ చేర్పించమంటారు?" అని ఆయన అడిగాడు. ఆ సాయంత్రం మాట్లాడుకున్నదంతా ఇలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉంటాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ క్లాసు?

ఆ అమ్మాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నీకు పదో తరగతి లోపు పిల్లలకి చెప్పాలనుందా, ఇంటర్ పిల్లలకి చెప్పాలనుందా? ఇక్కడే దారులు చీలిపోతాయి.

పదో తరగతి వరకైతే డిగ్రీ, ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో (అంటే ఆ సబ్జెక్టు ఎలా చెప్పాలో నేర్చుకుంటూ) బీఈడీ, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2ఏ, ఆపైన డీఎస్సీ. ఎమ్మెస్సీ అక్కర్లేదు. డీఎస్సీలో కంటెంట్ ప్రశ్నలు ఇంటర్ స్థాయి దాకానే ఉంటాయి. ఇంటర్‌కి చెప్పాలంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్ తప్పనిసరి. ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్ పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి, వాటికి బీఈడీ అడగరు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, మోడల్ స్కూళ్లలో పదకొండు, పన్నెండు తరగతులకి చెప్పే పీజీటీ పోస్టుకి ఎమ్మెస్సీ, బీఈడీ రెండూ ఉండాలి.

కేంద్రీయ విద్యాలయం మీద ఆశ ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ తొమ్మిది, పది తరగతులకి చెప్పే టీజీటీ సైన్స్ పోస్టుకి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లని అడుగుతూ వచ్చారు. ఎంపీసీ పిల్లలకి అందులో చోటు లేదు. వాళ్లు టీజీటీ మ్యాథ్స్‌కి వెళ్లాలి, లేదా ఎమ్మెస్సీ చేసి పీజీటీ ఫిజిక్స్‌కి. మన డీఎస్సీ లెక్క వేరు, వాళ్ల లెక్క వేరు. రెండూ ఒకటే అనుకుని ప్లాన్ చేసుకుంటే నాలుగైదేళ్ల తర్వాత దెబ్బ తగులుతుంది.

కెమిస్ట్రీని ఎందుకు వదలకూడదు

మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి, మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (తోడు సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. అంతకు ముందు బీఎస్సీ ఎంపీసీ అంటే మూడూ సమానంగా చదివేవాళ్లం, ఈ తలనొప్పి ఉండేది కాదు. ఇప్పుడు ఫిజిక్స్ మేజర్ తీసుకున్న పిల్ల, స్నేహితురాళ్లు తీసుకున్నారని కంప్యూటర్స్ మైనర్ పెట్టుకుంటోంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకి అది మంచిదే. టీచర్ కావాలనుకుంటే మాత్రం కెమిస్ట్రీ ఉండి తీరాలి. మార్కుల మెమోల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ స్పష్టంగా కనబడాలి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో కూడా 150 మార్కుల్లో 100 సబ్జెక్టువి. ఫిజికల్ సైన్స్ ఎంచుకుంటే అందులో సగం ఫిజిక్స్, సగం కెమిస్ట్రీ.

సర్టిఫికెట్ కోసమే కాదు, క్లాసులో నిలబడటానికీ అది కావాలి. తొమ్మిదో తరగతిలో "పని, శక్తి" పాఠం చెబుతుంటే మా పిల్లలకి అలిపిరి మెట్ల లెక్క ఇస్తాను. తిరుపతి నుంచి తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. 50 కిలోల మనిషి ఎక్కితే గురుత్వాకర్షణకి వ్యతిరేకంగా చేసిన పని 50 × 9.8 × 700, అంటే 3,43,000 జౌళ్లు. మెట్లెక్కినా, ఘాట్ రోడ్డులో బస్సెక్కినా ఆ పని అంతే. కిలో కేలరీల్లోకి మారిస్తే 82. సుమారు రెండు ఇడ్లీల శక్తి.

ఒక ఏడాది ఈ లెక్క చేశాక ఒక పిల్ల లేచి, "మేడం, రెండిడ్లీలే అయితే మరి అంత ఆకలెందుకు అయితాది?" అనింది. మంచి ప్రశ్న. తిన్న దాంట్లో మన కండరాలు పనిగా మార్చగలిగేది దాదాపు నాలుగో వంతే, మిగతాది వేడిగా పోతుంది. అందుకే చెమట, అందుకే ఆకలి. ఆ జవాబు చెప్పాలంటే గ్లూకోజ్ ఆక్సిజన్‌తో కలిసి శక్తి ఎలా విడుదలవుతుందో తెలియాలి. ఫిజిక్స్ మాత్రమే చదివిన టీచర్ అక్కడ ఆగిపోతారు. హైస్కూలు పిల్లల ప్రశ్నలు సబ్జెక్టుల గోడలు చూసుకుని రావు.

ఊళ్లోనే డిగ్రీ, బీఈడీ

ఇది మనలో ఎక్కువమంది వెళ్లే దారి. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ, మొత్తం ఐదేళ్లు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నుంచి ఉంది. అమ్మాయిలకి టీటీడీదే పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీ. చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ కాలేజీ. ఖర్చు తక్కువ, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు.

కాలేజీ పేరు కన్నా నేను చూడమనేది ల్యాబ్. అడ్మిషన్‌కి ముందే వెళ్లి, ఫిజిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. స్పెక్ట్రోమీటర్ గొట్టం చివర బూజు పట్టి ఉందా, తుడిచి ఉందా చూడండి. సోడియం ల్యాంప్ వేయమనండి. స్విచ్చేయగానే ముందు ఎర్రగా, గులాబీ రంగులో మొదలై, కొన్ని నిమిషాలకి నిదానంగా పసుప్పచ్చగా మారుతుంది. ముందు వెలిగేది లోపలున్న నియాన్, వేడెక్కాక సోడియం ఆవిరై తన రంగు చూపిస్తుంది. ఆ మార్పుని కళ్లారా చూసిన మనిషి రేపు పిల్లలకి చెప్పేతీరే వేరు. ల్యాంపు వెలగని కాలేజీలో రికార్డు మాత్రం నిండుగా ఉందంటే, ఆ రీడింగులన్నీ పాత రికార్డుల్లోంచి దింపుకున్నవే. సీనియర్లని పట్టుకుని "సెమిస్టర్‌కి ఎన్ని ప్రాక్టికల్స్ నిజంగా చేశారు?" అని అడగండి. వాళ్లు నిజమే చెబుతారు.

బీఈడీ దగ్గర నా బాధ ఒకటి చెప్పాలి. నేను బీఈడీ చేసిన ప్రైవేటు కాలేజీలో క్లాసులకి రాకపోయినా హాజరు పడేది. డబ్బు కడితే చాలు. నేను కూడా ట్యూషన్లు చెప్పుకుంటూ నెలకి నాలుగు రోజులు వెళ్లేదాన్ని. లెసన్ ప్లాన్లు రికార్డులో రాశాను గానీ, వాటిని పట్టుకుని పిల్లల ముందు నిలబడింది చాలా తక్కువ. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది పదో తరగతికి లెన్సుల పాఠం. కుంభాకార కటకం పట్టుకుని కొవ్వొత్తి ప్రతిబింబాన్ని గోడ మీద పడేలా చూపించాలని ఎంత ముందుకీ వెనక్కీ జరిపినా ఏమీ కనబడలేదు. నలభై మంది చూస్తున్నారు. చేతులు చల్లబడిపోయాయి. వెనక బెంచీ నుంచి ఒక పిల్లోడు, "కిటికీలు మూయాల మేడం" అన్నాడు. నాలుగు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. మూయగానే గోడ మీద తలకిందులుగా మంట కనబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బీఈడీలో ఒక్కసారి ఈ ప్రయోగం నిజంగా చేసి ఉంటే ఆ సంగతి తెలిసి ఉండేది కదా అని.

అందుకే చెబుతున్నాను, రోజూ కాలేజీకి వెళ్లాల్సిన చోటే చేరండి. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలని, టీచర్ కోర్సులకి నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ చెబుతోంది. ఆ 20 వారాలూ ఏ బడికి పంపుతారు, అక్కడ ఎవరైనా సీనియర్ టీచర్ మీ క్లాసు వెనక కూర్చుని చూస్తారా అని కౌన్సెలింగ్‌కి ముందే కనుక్కోండి. "రాకపోయినా పర్లేదమ్మా" అని కాలేజీ వాళ్లే నవ్వుతూ చెబితే అక్కడ ఆప్షన్ పెట్టకండి.

ఎంపీసీ వాళ్లకి ఎడ్‌సెట్‌లో మ్యాథ్స్ రాయాలా, ఫిజికల్ సైన్స్ రాయాలా అనే డౌట్ ఉంటుంది. మ్యాథ్స్‌కి ట్యూషన్ల గిరాకీ ఎక్కువ, కేంద్రీయ విద్యాలయం తలుపూ తెరిచి ఉంటుంది. ప్రయోగం చేసి చూపించడంలో ఆనందం ఉన్నవాళ్లు పీఎస్ వైపే రావాలి. రెండు మెథడ్లు ఇచ్చే కాలేజీ దొరికితే రెండూ తీసుకోండి, సందేహమే అక్కర్లేదు.

నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి

మనవాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఇంటర్ అయిపోగానే నేరుగా బీఎస్సీ బీఈడీలో చేరితే నాలుగేళ్లకే రెండు డిగ్రీలూ చేతికొస్తాయి. ఐటెప్ అంటారు. ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ పరీక్ష రాయాలి. తెలుగులో కూడా రాయొచ్చు. వరంగల్ ఎన్‌ఐటీలో ఈ కోర్సు ఉంది. మనకి ఇంకా దగ్గరగా అనిపించేది మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. ఎన్‌సీఈఆర్‌టీ 1963లో మొదలుపెట్టిన ఈ సంస్థ దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసమే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా మైసూరుకి నేరుగా రైలుంది.

టీచరే కావాలని పదిహేడేళ్లకే గట్టిగా నిర్ణయించుకున్న పిల్లలకి నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా మంచి దారి. ఏడాది కలిసొస్తుందని అనడం లేదు. మైసూరులో క్యాంపస్‌లోనే డెమాన్‌స్ట్రేషన్ స్కూలు ఉంది. చదువుకునే చోటే పిల్లలున్నారు. పొద్దున క్లాసులో విన్నది మధ్యాహ్నం ఆ పిల్లల ముందు చెప్పి చూడొచ్చు. నేను మూడు, నాలుగేళ్ల ఉద్యోగంలో తడబడుతూ నేర్చుకున్నది అక్కడి పిల్లలు చదువులోనే నేర్చుకుని బయటికొస్తారు.

లోటు కూడా చెప్పాలి. మనసు మారితే ఇబ్బంది. రెండో ఏట "నాకు రీసెర్చ్ ఇష్టం" అనిపిస్తే వెనక్కి రావడం కష్టం. సీట్లు తక్కువ. ఇక చేరేటప్పుడు సిలబస్ చేత్తో పట్టుకుని కెమిస్ట్రీ పేపర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. ఐటెప్‌లో ఒక మేజర్ ఎడ్యుకేషన్, ఇంకో మేజర్ సబ్జెక్టు. ఆ సబ్జెక్టు ఒక్క ఫిజిక్సే అయితే మన డీఎస్సీకి పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

మైసూరులో చదివితే ఇక్కడ నాన్‌లోకల్ అయిపోతామా అని ఆ నాన్న భయపడ్డాడు. డీఎస్సీలో లోకల్ అనేది పదో తరగతి దాకా ఎక్కడ చదివామన్న దాన్ని బట్టి ఉంటుంది. డిగ్రీ బయట చేసినా చిత్తూరు పిల్ల చిత్తూరు పిల్లే.

ఎమ్మెస్సీ కూడా చేసి

బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఈడీ కలిపి ఏడేళ్లు. 1954 నుంచి ఉన్న ఎస్వీ యూనివర్సిటీ, అమ్మాయిలకి 1983లో పెట్టిన పద్మావతి మహిళా యూనివర్సిటీ మన తిరుపతిలోనే ఉన్నాయి. ఏపీ పీజీసెట్ రాసి చేరాలి. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి తిరుపతి ఐఐటీలో ఎమ్మెస్సీ చేసే అవకాశమూ ఉంది.

హైస్కూలు ఉద్యోగానికి ఎమ్మెస్సీ అక్కర్లేదని పైన రాశాను. అయినా ఇంట్లో ఇబ్బంది లేకపోతే చేయమనే చెబుతాను. నేనూ చేశాను. తొమ్మిదో తరగతిలో పరమాణువు పాఠం చెబుతుంటే, "ఎలక్ట్రాన్‌ని న్యూక్లియస్ లాగుతుంటే అది లోపల పడిపోదా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. శాస్త్రవేత్తలనే ఏడిపించిన ప్రశ్న అది. ఎమ్మెస్సీలో క్వాంటమ్ మెకానిక్స్‌తో తిప్పలు పడ్డాను కాబట్టి, "అది నువ్వు అడగాల్సిన ప్రశ్నే" అని ధైర్యంగా చెప్పి, వాళ్లకి అర్థమయ్యేంతవరకు విప్పగలను. లేకపోతే "పుస్తకంలో ఉన్నది చదువు" అనేదాన్నేమో.

ఇంకో లాభం, మన చుట్టుపక్కల జరిగే నిజమైన ఫిజిక్స్‌తో పరిచయం. పాకాల దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పెద్ద రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల్ని పైకి పంపి, తిరిగొచ్చిన వాటిని బట్టి మన తలమీది గాలులెలా కదులుతున్నాయో కొలుస్తుంది. తరంగదైర్ఘ్యం ఎంతో లెక్కించమని పిల్లలకిస్తే 5.7 మీటర్లు అని తేలుస్తారు. ఆ రాడార్ ఎక్కడో కాదు, వాళ్లమ్మమ్మ ఊరికి వెళ్లే దారిలోనే ఉందని తెలిసినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి.

ఏర్పేడు దగ్గరున్న కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐఐఎస్‌ఈఆర్ గురించి కూడా అడుగుతున్నారు. 2015లో మొదలైంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. చాలా గొప్ప చదువు, కానీ అది రీసెర్చ్ చేసేవాళ్ల కోసం. హైస్కూలు టీచరే కావాలన్న పిల్లని అక్కడికి పంపమని నేను చెప్పను. పీజీటీ, లెక్చరర్ వైపు ఆలోచన ఉంటే వేరే మాట. బీటెక్ చేసినవాళ్లకీ ఎడ్‌సెట్ తలుపు తెరిచే ఉంది. ఇప్పటికే బీటెక్ అయిపోయినవాళ్లకి అది వరం. ఇంకా చేరనివాళ్లు ఆ ఫీజులు కట్టి మళ్లీ ఇటు రావడం దండగ. దూరవిద్యలో ఇగ్నో బీఈడీ ఇప్పటికే టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లకే, ఇంటర్ నుంచి వచ్చే పిల్లలకి కాదు.

ఒక ఏడాది బీఈడీ వస్తుందట కదా, ఆగుదామా అని కొందరంటున్నారు. నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవాళ్లకి ఏడాది బీఈడీ అని 2025లో ఎన్‌సీటీఈ ముసాయిదా ఇచ్చిన మాట నిజం. దాన్ని నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దు.

ఎదురుచూపు కూడా లెక్కలో వేసుకోవాలి

2018 డీఎస్సీ తర్వాత మన రాష్ట్రంలో పెద్ద డీఎస్సీ పూర్తయింది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో 2024లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. ఆ ఏడేళ్లూ కోచింగ్ సెంటర్ల గదుల్లో వయసు కరిగించుకున్నవాళ్లు నాకు తెలుసు. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగం వచ్చేదాకా ఏం చేస్తామన్నది కూడా ఎంపికలో భాగమే. ఎమ్మెస్సీ ఉంటే జూనియర్ కాలేజీల్లో, సీబీఎస్ఈ స్కూళ్లలో ఇంటర్ ఫిజిక్స్ చెప్పొచ్చు. డిగ్రీ, బీఈడీ మాత్రమే ఉన్నవాళ్లకి ప్రైవేటు హైస్కూలే, జీతం తక్కువ. కానీ ఎక్కడైనా చెబుతూ ఉండాలి. చెప్పడం మానేసి బిట్లు మాత్రమే బట్టీ పడితే చెప్పే చెయ్యి తుప్పు పడుతుంది.

టెట్ మాత్రం బీఈడీ చివరి ఏడాదిలోనే రాసేయండి. ఒకసారి క్వాలిఫై అయితే జీవితాంతం చెల్లుతుంది. పైగా డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాలదు, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసినా తప్పులేదు. పేపర్ 2ఏలో మ్యాథ్స్, బయాలజీ కూడా ఉంటాయి, ఎంపీసీ పిల్లలు బయాలజీ దగ్గర జారిపోతారు. ఆరు నుంచి పది దాకా బయాలజీ పుస్తకాలు ఇప్పుడే పక్కన పెట్టుకోండి. నగరి, కుప్పం వైపు తమిళ మీడియంలో చదువుకున్న పిల్లలు మొదటి భాషగా తమిళం పెట్టుకోవచ్చు.

మా దగ్గరికొచ్చిన అమ్మాయి ఎన్‌సెట్ తేదీ దాటిపోయిందని తెలిసి కాసేపు దిగులుపడింది. తిరుపతిలో డిగ్రీ చేరి, కెమిస్ట్రీ మైనర్ పెట్టుకుని, తర్వాత ఎమ్మెస్సీ సంగతి మూడో ఏట ఆలోచిద్దామని అనుకున్నాం. వాళ్ల నాన్న ఫోన్‌లో వెబ్ ఆప్షన్ల పేజీ తెరిచి, మైనర్ దగ్గర నా చేతే కెమిస్ట్రీ చూపించుకున్నాడు. రేపు శనివారం ఇద్దరూ తిరుపతి వెళ్లి రెండు కాలేజీల్లో ల్యాబులు చూసొస్తామన్నారు. సోడియం ల్యాంప్ వేయమని అడగడం మర్చిపోవద్దని ఆ పిల్లకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.